కింద పాకం, పైన పాప

అరిసెల పాకానికి ఎవరి కోసమూ ఆగే అలవాటు లేదు. బెల్లం ఉడికి ఉడికి, చుక్క తీసి నీళ్లలో వేస్తే మెత్తగా ఉండకట్టే ఘడియ ఒకటి వస్తుంది. ఆ ఘడియలోనే పిండి పడాలి. కాస్త దాటిందా, అరిసె కాస్తా చెక్కముక్కై కూర్చుంటుంది.

చిక్కడపల్లిలో ధర్మారావు, వేదవతి అనే దంపతులకు పిండివంటల దుకాణం ఉంది. ముందు అమ్మకం, వెనక వంటశాల. ఆ రోజు పాకం సరిగ్గా ఆ ఘడియకు వచ్చేసరికి, బియ్యం బస్తాల వెనక చీరతో కట్టిన ఉయ్యాలలో ఒక పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. అది రేణుక కూతురు లాస్య. పాకం చూడాల్సిన మనిషి రేణుకే. గరిటె వదిలేసి పరిగెత్తింది. పిల్లను భుజాన వేసుకుని తిరిగొచ్చేసరికి పాకం ముదిరిపోయింది.

ఉయ్యాల సంగతి యజమానులకు తెలియకుండా తోటి ఆడవాళ్లంతా ఇన్నాళ్లూ దాచుకుంటూ వచ్చారు. ఇప్పుడిక దాచేదేముంది. ధర్మారావు వచ్చి ముదిరిన పాకం చూశాడు, పిల్లను చూశాడు, పక్కనే సలసల కాగుతున్న నూనె మూకుడు చూశాడు. మూకుడు చూసినప్పుడే ఆయన ముఖంలో నెత్తురు లేకుండా పోయింది.

"ఇది పిల్లలుండే చోటా అమ్మా? ఆ నూనె మీద పడితే నేనెవరికి సమాధానం చెప్పాలి? పిల్లని ఎక్కడైనా పెట్టి రా. అలా కుదరదంటే నువ్వూ రావద్దు."

అరవలేదు, మామూలుగానే అన్నాడు. నూనె మాట అబద్ధమని రేణుక కూడా అనలేకపోయింది.

పెట్టడానికి చోటేదీ? లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర వాళ్లుండే వాడలో పక్కింటామె కొన్నాళ్లు చూసింది. ఆమె గది ఖాళీ చేసి వెళ్లిపోయింది. నారాయణగూడలో పిల్లల్ని చూసే చోటుకు వెళ్లి అడిగితే, పాలు తాగే పిల్లలను తీసుకోం అన్నారు. భర్త సురేశ్ ఆటో నడుపుతాడు, పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. ఒక ఏడాది ఇంట్లో ఉండమన్నాడు. కోపంతో కాదు, అతనికి అంతకంటే దారి తోచలేదు.

ఆ ఏడాది ఎంత పొడుగో రేణుకకు తెలుసు. తనతోపాటు ఇక్కడే పనిచేసిన రోజా బిడ్డ పుట్టాక అలాగే ఏడాదని మానేసింది. జయశ్రీ కూడా అంతే. ఇద్దరూ మళ్లీ గడప తొక్కలేదు. ఈ వంటశాలలో ఎవరైనా బెల్లం కొట్టడంతో మొదలుపెట్టాలి, తర్వాత చెక్కల మధ్య అరిసెలు నొక్కి నూనె తీయాలి, ఎప్పటికో పాకం పొయ్యి దగ్గరికి చేరాలి. మధ్యలో పోయి వచ్చిన మనిషికి మళ్లీ బెల్లం రోకలే గతి. రేణుక ఆ పొయ్యి దగ్గరికి ఊరికే చేరలేదు.

ఆ రాత్రి ఏం ఆలోచించిందో గాని, తెల్లవారి పిల్లను చంకనేసుకుని రోజా ఇంటికి పోయింది. అక్కడినుంచి ఇద్దరూ కలిసి జయశ్రీ ఇంటికి పోయారు. తర్వాత ముగ్గురూ పిల్లలతో సహా దుకాణం ముందుకొచ్చి నిలబడ్డారు.

అది శ్రావణమాసం. నారాయణగూడలో ఒక పెళ్లివారు సారె మొత్తం ఈ దుకాణంలోనే చెప్పారు. సారెలో అరిసె విరిగినా, గట్టిపడినా ఆడపిల్ల తరఫువాళ్లకు నామోషీ. ఇక్కడేమో పొయ్యి దగ్గర మిగిలింది ఉదయశ్రీ అనే కొత్తమ్మాయి. ఆమెకు లేతపాకమేదో ముదురుపాకమేదో ఇంకా పట్టుబడలేదు. వేదవతికి అన్నం సహించడం లేదు.

"అమ్మా, మీకు చేతులు కావాలె. మాకు పైన అర్ర కావాలె," అంది రేణుక. "దుర్గమ్మత్త పైన పిల్లల్ని చూసుకుంటది. పాకం పొయ్యి మీదున్నంతసేపు నేను మెట్లెక్క. వాయి దిగినంక పోయి పాలిచ్చి వస్త. వీళ్లు గూడ గంతే."

దుర్గమ్మ వంటశాల ఆడవాళ్లందరిలో పెద్దది. నూనె పొగకు దగ్గు పట్టుకుని ఆమె కూడా మానేద్దామనే అనుకుంటోంది.

ధర్మారావు అడ్డం తిరిగాడు. పైగది కిరాయికి ఇచ్చేశాననీ, అశోక్‌నగర్‌లో పరీక్షలకు చదివే కుర్రాళ్లు రేపోమాపో దిగుతారనీ చెప్పాడు.

"ఇచ్చేశానంటారేంటి, గోడ మీద టు-లెట్ బోర్డు ఇంకా అలాగే ఉందిగా," అంది వేదవతి. "చెయ్యి తిరిగిన మనిషి తల్లవగానే వెళ్లిపోతోంది. మనం మళ్లీ బెల్లం కొట్టడం దగ్గర్నించి కొత్తవాళ్లకి నేర్పుతున్నాం. పోయిన దీపావళికి కొనేవాళ్లు మీ అరిసెలు మునుపట్లా లేవని మొహం మీదే అన్నారు కదండీ. మర్చిపోయారా?"

ధర్మారావు మర్చిపోలేదు. సారె అయ్యేదాకా చూద్దామన్నాడు. ఒక్క పిల్ల మెట్లు దిగి పొయ్యి వైపు వచ్చినా, ఒక్క పాకం తప్పినా, గది కుర్రాళ్లదే అన్నాడు.

పైనున్న డబ్బాలు దింపి గది కడిగారు. చాపలు పరిచారు, ఉయ్యాలలు కట్టారు. మెట్ల పైన వడ్రంగి చేత చెక్క తలుపు పెట్టించారు. దుర్గమ్మ పైకెక్కి కూర్చుని, ఇన్నేళ్లకు తనకు గాలి తగిలిందని అందరికీ వినబడేలా చెప్పింది.

సారె మొదలైన రోజున పెద్ద గంగాళంలో బెల్లం ఎక్కింది. పాకం నురగ తిరిగి చిక్కబడుతుండగా, పైనుంచి ఏడుపు వినిపించింది. లాస్యదే. తన పిల్ల గొంతు తల్లికి తెలియదా? రేణుక రవిక తడిసింది. కాళ్లు వాటంతట అవే మెట్ల వైపు తిరగబోయాయి. ఆడవాళ్లంతా చేతులాపి ఆమె వంకే చూస్తున్నారు. గుమ్మంలో ధర్మారావు కూడా నిలబడి ఉన్నాడు.

రేణుక గరిటె వదల్లేదు.

పైనుంచి దుర్గమ్మ గొంతు వచ్చింది. "బిడ్డా, నీ పాకం నువ్వు చూస్కో. నా పాకం నేను చూస్కుంట."

ఏడుపు కాస్త తగ్గింది, మళ్లీ లేచింది, తర్వాత మెల్లగా సన్నగిల్లి ఆగిపోయింది. రేణుక చుక్క తీసి నీళ్లలో వేసింది. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తగా ఉండకట్టింది. పిండి పొయ్యమంది. రోజా పోసింది, జయశ్రీ కలిపింది, ఉండలు చేసి తట్టి నూనెలో వేశారు. అరిసెలు ఎర్రగా, మెత్తగా తేలాయి.

ఆ వాయి దిగాక రేణుక చేతులు కడుక్కుని పైకి పోయింది. చెక్క తలుపు తీసేసరికి ధర్మారావు చాప మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఏడుపు వినలేక ముందే పైకొచ్చినట్టున్నాడు. ఆయన ఒళ్లో రోజా కొడుకు నిద్రపోతున్నాడు. లాస్య దుర్గమ్మ భుజం మీద ఉంది.

"జర కదలకుండ కూసోండ్రి సారూ, మీరు లేస్తె వాడూ లేస్తడు," అంటోంది దుర్గమ్మ.

అప్పుడే కింద నుంచి వేదవతి కేకేసింది. బోర్డు చూసి గది కోసం కుర్రాళ్లు పెట్టెలతో సహా వచ్చారట. ధర్మారావు లేవబోయాడు, ఒళ్లోవాడు మూలిగాడు, మళ్లీ కూర్చుండిపోయాడు. రేణుకతో నెమ్మదిగా అన్నాడు.

"గది నిండిపోయిందని చెప్పమ్మా. బర్కత్‌పురలో చూసుకోమను."

రేణుక మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. కుర్రాళ్లకు ఆ మాట చెప్పి, వాళ్ల చేతుల్లో తలా ఒక వేడి అరిసె పెట్టి పంపింది. తర్వాత పైకి పోయి లాస్యకు కడుపునిండా పాలిచ్చింది.

సారె వెళ్లింది. పెళ్లింటి నుంచి మళ్లీ కబురొచ్చింది, వియ్యాలవారు తమకూ అవే అరిసెలు కావాలంటున్నారని. వేదవతి స్టూలెక్కి గోడ మీది బోర్డు తానే ఊడదీసింది.

ఆ వారంలోనే ఒకరోజు ఉదయశ్రీ రేణుకను పక్కకు పిలిచింది. తనకు మూడో నెల అనీ, ఇంట్లో మానెయ్యమంటున్నారనీ చెప్పి తల దించుకుంది. ఇప్పుడే కదా బెల్లం రోకలి దాటింది, మళ్లీ మొదటికేనా అని ఆమె బాధ.

"ఎందుకు మానేస్తవ్? పైన ఇంకో ఉయ్యాలకు జాగ ఉంది," అంది రేణుక. "రా, పాకం వస్తున్నది. ఇయ్యాల నువ్వే చూడు."

గరిటె ఆమె చేతికిచ్చి, తాను పక్కకు జరిగి నిలబడింది.