'ఎవరూ లేరు'

భర్తను ఎడమపక్కకు తిప్పి, వీపు వెనక దిండు దోపి, మడమల కింద తువ్వాలు సర్దేసరికి ఆమె నడుం పట్టేసింది. నిచ్చెన మీంచి పడి అతని వెన్నుపాము దెబ్బతిన్నప్పటి నుంచి, మూడేళ్లుగా, రెండు గంటలకోసారి ఇదే పని.

మొన్న ఆసుపత్రిలో డాక్టరమ్మ అతని వీపంతా వెతికి ఆశ్చర్యపోయింది. "ఒక్క పుండు కూడా లేదే! ఏ నర్సు చూస్తోంది?"

"నర్సెందుకండీ, కోడలు ఇంట్లో ఖాళీయేగా" అంది అత్తగారు.

ఖాళీ! ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం మానేసి, మూత్రం గొట్టాలు మార్చి, మలం ఎత్తి, చచ్చుబడిన కాళ్లను రోజూ వంచి చాపి, పాపం ఖాళీగా ఉంది. ఆ ల్యాబ్ నుంచే మళ్లీ రమ్మని కబురొచ్చింది. పది నుంచి ఐదు దాకా పని, సోమవారంలోగా చెప్పాలి. ఆ మాట ఎత్తితే భర్త అలిగాడు; గోడకేసి తిరగలేడు కనుక కళ్లు మూసుకున్నాడు.

ఆ ఆసుపత్రిలో కొత్త చికిత్స ఒకటి మొదలైంది: అతని ఎముక మజ్జలోంచి మూలకణాలు, అదే స్టెమ్ సెల్స్, తీసి వెన్నులోకి ఎక్కిస్తారట. "ఇది ఇంకా పరిశోధనే. నడుస్తాడని మాటివ్వను. తర్వాత ఆరు నెలలు రోజూ నాలుగు గంటలు వ్యాయామం చేయించాలి. చేయించే మనిషి లేకపోతే తీసుకోం" అని డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పింది.

ఆ చికిత్స కోసం పంపిన దరఖాస్తు ఇవాళ తిరిగొచ్చింది. సహాయకుల గడిలో, దాన్ని నింపిన బావగారు, భర్తకి అన్న, ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఎవరూ లేరు' అని రాశారు.

"ఇదేంటి బావగారూ?"

"జీతానికి పెట్టుకున్నవాళ్లని అడిగారనుకున్నానమ్మా. నువ్వు ఇంటిమనిషివేగా! ఇప్పుడు నీ పేరు రాసి సంతకం పెట్టెయ్. మిగతాదానికి నేనున్నానుగా."

మూడేళ్లుగా వింటోంది ఈ 'నేనున్నానుగా'. రిటైరయ్యాక పొద్దుపోవడం లేదని రోజూ వచ్చి, మంచం పక్కన కుర్చీలో కూర్చుని, రెండు కాఫీలు తాగి ఆ మాట అనేసి వెళ్తారు.

"పెట్టెయ్. నాకిదొక్కటే ఆశ" అన్నాడు భర్త. ఆ కాళ్లు కదలాలని అతనికంటే ఎక్కువగా ఆమే కోరుకుంది.

కలం తీసి 'ఎవరూ లేరు' కొట్టేసింది. 'ఉదయం, సాయంత్రం: భార్య. పది నుంచి ఐదు దాకా, వ్యాయామంతో సహా: అన్నగారు' అని రాసి, 'భార్య' పక్కన సంతకం పెట్టింది.

"నేనా? నాకేం తెలుసమ్మా ఈ పనులు!"

"నాకూ తెలీదు బావగారూ, మొదలుపెట్టిన కొత్తలో." కలం ఆయన చేతిలో పెట్టి గడియారం చూసింది. రెండు గంటలు నిండాయి. "సంతకం తర్వాత పెడుదురుగాని, ముందిలా రండి. ఈసారి కుడిపక్కకి తిప్పాలి. కాస్త నడుం వంచండి."