ఎన్నాళ్ళ మైల

నిబారణ్ బిశ్వాస్ పోయి పదిరోజులైంది. బ్రాహ్మణుల ఇంట మైల పదిరోజులు, శూద్రుల ఇంట నెల. అందరికన్నా అడుగున ఉన్న నామశూద్రులు నెలకు ఒక్కరోజు తగ్గించినా మహాపాపమని ఫరీద్‌పూర్ నీటి పల్లెల్లో తాతలనాటి మాట. ఈమధ్యే నామశూద్రుల పెద్దలంతా కూర్చుని, ఇకమీదట మన కర్మ కూడా పదకొండో రోజే అని తీర్మానించారు. తీరా మొదటి చావు ఈ ఇంటికే వచ్చిపడింది.

భార్య ఖిరోదా గుండెల్లో రాయి పడింది. నెల నిండకుండా పెట్టిన పిండం ఆయనకు ముడుతుందా? బతికినన్నాళ్ళూ పైకులాల ఏ బాబూ గడప ఎక్కనివ్వని మనిషి, చచ్చాక కూడా బురద గట్లమీద దిక్కులేక తిరగాలా?

"నెల ఆగరా అఖిల్. ఇన్నాళ్ళూ ఆగినవాళ్ళమేగా" అని కొడుకుని బతిమాలింది.

"ఆగీ ఆగీ ఏం బావుకున్నామమ్మా? రేపే కర్మ" అన్నాడు అఖిల్.

మధ్యాహ్నం బోస్‌బాబు పడవ వచ్చింది. జమీందారు పొలాలన్నీ ఆయన కనుసన్నల్లో నడుస్తాయి. మైల ఇల్లు కదా, దిగలేదు. మైల లేనప్పుడు మాత్రం దిగాడా ఏమన్నా!

"ఏమే ఖిరోదా, కొడుక్కి జందెం కూడా వేయిస్తావా? మొన్న మా అమ్మ పోతే, మీకన్నా పైకులం కాయస్థులం, మేమే నెల పట్టాం. మాకు నెల, మీకు పదకొండా? మీ మంగలితో చెప్పేశా. రేపు ఇటు కత్తి పట్టుకొచ్చాడంటే వాణ్ణి ఊళ్ళో ఉండనివ్వను. గుండు లేకుండా కర్మ ఎలా చేస్తారో నేనూ చూస్తా!"

ఖిరోదా తలొంచుకునే వింది. ఇన్నాళ్ళూ ఆ నెల దేవుడు పెట్టిన గడువనుకుంది. ఇంతసేపు అరిచిన మనిషి నోట నిబారణ్ ఏమవుతాడన్న ముక్క ఒక్కటి రాలేదు. ఆమెకు ఒళ్ళు మండింది.

"మా ఆయన సంగతి ఏమన్నా చెబుతారేమోనని విన్నాను బాబూ. మీ సంగతే చెప్పుకున్నారు" అంది.

మర్నాడు మంగలి రాలేదు. అఖిల్ మాసిన తలతో ఒడ్డున కూర్చున్నాడు. ఖిరోదా లోపలికెళ్ళి నిబారణ్ గడ్డం గీసుకునే కత్తి తెచ్చింది.

"విధవ చేతికి కత్తా! అరిష్టం కదమ్మా" అని పక్కింటావిడ నోరు నొక్కుకుంది.

"ఇంతకన్నా ఏం అరిష్టం జరగాలే?" అంటూ ఖిరోదా కొడుకు తల తడిపింది.

అలవాటు లేని పని, రెండుచోట్ల గాటు పడింది. అఖిల్ తల ఇంకాస్త వంచాడు. సగం తల అయ్యేసరికి నడినెత్తిన సుడి బయటపడింది. అచ్చం తండ్రిదే, అదే చోట. పదిరోజులుగా పిండం భయంలో పడి సరిగ్గా ఏడవని మనిషి, ఆ సుడికి చెంప ఆనించి ఊరంతా వినేలా ఏడ్చింది. ఎన్నాళ్ళు ఏడవాలో చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, మిగిలిన సగం గీసింది.