మాస్టారి మొహమాటం

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన లెక్కల మాస్టారు, వార్డులో ఎవరికీ భారం కాకూడదని పట్టుబట్టి కూర్చున్నారు. కూర్చుంటే ఫర్వాలేదు, లేచి నడుస్తున్నారు. పెద్ద సిస్టరు గుండెల మీద కుంపటి అదే.

దిండు పక్కనే గంట ఉంది. నొక్కితే నర్సు వస్తుంది. ఆయన మాత్రం మంచం పట్టుకుని, గోడ పట్టుకుని, ఒక్కరే బాత్రూం దారి పడతారు. నిన్న తలుపు దగ్గర తూలిపోతుంటే పెద్ద సిస్టరే చూసి పట్టుకుంది. ఇంకోసారి పడితే మళ్ళీ కోత తప్పదని, ఈ వయసులో అది తట్టుకోవడం కష్టమని డాక్టరు చెప్పాడు.

“గంట నొక్కొచ్చుగా మాస్టారూ?”

“నువ్వు అన్నం తింటున్నావు కదమ్మా.”

“తిన్నాక నొక్కొచ్చుగా?”

“అప్పుడు చెయ్యి కడుక్కుంటున్నావు.”

కోప్పడాలో నవ్వాలో ఆవిడకి తెలియలేదు.

ఆ సాయంత్రం రోగుల ఇంటివాళ్ళతో సమావేశం. మా పనిలో లోపాలేమిటో మీరే చెప్పండంటూ ఆసుపత్రి కొత్తగా మొదలుపెట్టింది. అందరూ టీ తాగి, “అంతా బావుందండీ” అనేసి వెళ్ళిపోతుంటారు. లోపం చెబితే మర్నాడు సూది గట్టిగా గుచ్చుతారేమోనని వాళ్ళ భయం. ఈసారి పెద్ద సిస్టరు అలా వదల్లేదు. మాస్టారి భార్య పక్కకి కుర్చీ లాక్కుంది.

“అమ్మా, మీ ఆయన్ని దారికి తెచ్చే ఉపాయం మీరే చెప్పాలి. గంట చేతికి అందేలా కట్టాం. గోడ మీద పెద్దక్షరాలతో రాయించాం.”

“మెళ్ళో కట్టినా నొక్కరమ్మా,” అంది ఆవిడ టీ ఊదుకుంటూ. “పెళ్ళయిన కొత్తలో దాహమేస్తే నన్ను పిలవలేక, ఖాళీ గ్లాసు వంక చూస్తూ కూర్చునేవారు.”

“పోనీ మేమే వచ్చి, బాత్రూంకి వెళ్తారా అని అడిగితే?”

“అబ్బే, వద్దంటారు. మీరు అటు తిరగ్గానే లేస్తారు. అలా అడక్కండి. నేనూ అటే వెళ్తున్నాను, వస్తారా అనండి. ఆయన్ని డాక్టరుకి చూపించాలన్నా, నాకే ఒంట్లో బాలేదు, తోడు రండి అంటాను.”

బల్ల చివర కూర్చున్న డాక్టరు తల గోక్కున్నాడు. “అబద్ధమవుతుందేమో కదండీ?”

“నిజంగా అటు వెళ్తే అబద్ధమెందుకవుతుంది బాబూ?”

మర్నాటి నుంచి నర్సులందరికీ ఉన్నట్టుండి అటువైపు పనులు పుట్టుకొచ్చాయి. మొదటి వంతు పెద్ద సిస్టరే తీసుకుంది. పొద్దున్నే మాస్టారి మంచం దగ్గర ఆగింది.

“నేను అటే వెళ్తున్నాను మాస్టారూ.”

మాస్టారు పేపరు దించారు. ఆవిడ వైపు చూశారు, బాత్రూం తలుపు వైపు చూశారు.

“ఒక్కదానివే ఎందుకమ్మా, పద. నేనూ తోడొస్తాను.”

ఆవిడ భుజం మీద బరువంతా వేసి ఆయన లేచారు. నాలుగడుగులు వేశాక ఆగి, “మెల్లగా నడు. నేల నున్నగా ఉంది, పడతావు,” అని జాగ్రత్త చెప్పారు.

“మీరున్నారుగా,” అంది పెద్ద సిస్టరు, ఆయన నడుం చుట్టూ చెయ్యి బిగిస్తూ.