లైట్ల పర్వతాలు

పర్వతాలు తీగ కొసను పంటితో కొరికి, పైనున్న తొడుగును ఒక్క లాగులో ఊడదీశాడు. ఏళ్ల తరబడి అలా కొరికీ కొరికీ ముందుపంటికి చిన్న గాడి పడింది. చిలకలగూడలో రైల్వే గోడ పక్కన, రేకు పంచ కింద, ముప్పయ్యేళ్లుగా అతని పని ఇదే. ఇంజను జోలికి పోడు. హారన్లు, లైట్లు, వాటికి వెళ్లే తీగలు, స్విచ్చులు. వీధిలో అందరూ అతన్ని లైట్ల పర్వతాలు అంటారు.

ఆ పొద్దున అల్వాల్ నుంచి బస్సులో నిలబడి వస్తున్నప్పటి నుంచీ ఛాతీ పట్టేసినట్టుగా ఉంది. గ్యాసు అనుకుని సోడా తాగాడు. తగ్గలేదు. పక్కనే ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు రాజేస్తున్న కమలాబాయి అతని మొహం చూసింది.

"ఏందన్నా, గిట్ల చెమటలు పడ్తున్నయి? ఇంటికి పోరాదు?"

"ఏం కాలే. జెర ఎండ తగిలింది."

ఎండ ఇంకా గోడ దిగనే లేదు.

పదిన్నర ప్రాంతంలో ఒక మోటారుసైకిలు వచ్చి ఆగింది. నడుపుతున్నాయనకు నలభై దాటి ఉంటాయి. చొక్కా చేతుల మీద సుద్దపొడి. దిగకుండానే ఎడమకాలు నేల మీద ఆనించి చెప్పాడు.

"చేతి బ్రేకు పడితే వెనక లైటు వెలగడం లేదు మిస్త్రీ. ఇద్దరు మెకానిక్కులకు చూపించాను. కాలి బ్రేకుకు వెలుగుతోంది కదా, అది చాలదా అన్నారు."

పర్వతాలు తాళం తిప్పి, వంగి, కాలి బ్రేకును చేత్తో నొక్కాడు. వెనక ఎర్రగా వెలిగింది. బల్బు బాగానే ఉంది. అయినా అతని చెయ్యి ఆ బ్రేకు మీదే ఉండిపోయింది. బండి పాతది. గేరు మీది రబ్బరు అరిగి నున్నగా అయిపోయింది. బ్రేకు రబ్బరు మీది గీతలు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి, వాటి మధ్య దుమ్ము పేరుకుంది. దాని పక్కన, ఎడమకాలిదానికంటే చిన్న బూటులో, ఆయన సన్నటి కుడిపాదం ఆనీ ఆననట్టు ఉంది.

పర్వతాలు చూపు తిప్పుకుని హ్యాండిల్ దగ్గరకు వెళ్లాడు.

"చాలదు సార్," అన్నాడు.

ఆయన మొహంలో ఏదో సడలింది. పేరు జ్ఞానశేఖర్, మిషన్ బడిలో డ్రాయింగ్ టీచరు. అడక్కుండానే చెప్పుకొచ్చాడు.

"మొన్న మా అమ్మాయి డోరా వెనక కూర్చుంది. గేటు దగ్గర ఆపుతుంటే ఆటో వచ్చి తగిలింది. దెబ్బలేమీ లేవు. లైటు బాగు చేయించుకోండి సార్ అన్నాడు ఆటో అతను. నిజమే కదా! అప్పటినుంచీ పిల్లను బస్సులో పంపుతున్నాను. పదమూడేళ్లు వచ్చాయి దానికి. బండి మీద వెళ్లే ఆ పావుగంటే అది నాతో మాట్లాడేది."

పర్వతాలు చేతి బ్రేకు కింద ఉన్న రెండు తీగలనూ విడదీసి కలిపి చూశాడు. లైటు వెలిగింది. అయితే స్విచ్చే పోయింది. స్క్రూ విప్పి దాన్ని బయటికి లాగాడు. చిటికెన వేలి గోరంత వస్తువు. బ్రేకు పట్టినప్పుడు బయటికి రావలసిన పుల్ల లోపలే విరిగి ఇరుక్కుపోయింది.

"రెజిమెంటల్ బజార్ అంతా తిరిగాను. ఈ మోడల్‌ది రావడం లేదట."

"వేరే బండిది కూసోబెడ్త. జెర ఆగుండ్రి."

బిస్కెట్ల డబ్బాలో వెతికి ఇంకో స్విచ్చు తీశాడు. కొంచెం లావు. ఆకురాయి పట్టుకుని పక్కలు అరగదీయసాగాడు. రాయి కదిలినప్పుడల్లా ఎడమచెయ్యి లాగుతోంది. ఆగి, వేళ్లు విదిలించుకుని, మళ్లీ మొదలుపెట్టాడు.

పదహారేళ్ల వయసులో ఆలేరు నుంచి వచ్చి మిలిటరీ లారీల షెడ్డులో కూలికి చేరాడు. అక్కడ లూకా అనే పెద్ద ఎలక్ట్రీషియన్ అతనికి తీగల రంగులు నేర్పాడు. చదువు రాని పర్వతాలు ఆ రంగుల్నే చదువుకున్నాడు. ఎన్ని వేల బండ్లకు లైట్లు వెలిగించాడో లెక్క లేదు కాని బండి నడపడం మాత్రం నేర్చుకోలేదు. మీ ఆయన ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే బాలమ్మ "బండ్లకు లైటు బుగ్గలు పెడ్తడు" అని చెబుతుంది. పర్వతాలు ఎన్నడూ దాన్ని సరిదిద్దలేదు.

స్విచ్చు బెజ్జంలో ఇమిడింది. కాని బ్రేకు పట్టకపోయినా లైటు వెలుగుతూనే ఉంది. పుల్ల పొడుగైంది.

"వెలుగుతోందిగా, ఇలాగే ఉండనివ్వు మిస్త్రీ," అన్నాడు జ్ఞానశేఖర్. ఎదుటివాడి అలసట ఆయనకు కనబడుతూనే ఉంది.

"గట్ల కాదు సార్. ఎప్పుడూ వెలుగుతనే ఉంటే, మీరు ఎప్పుడు ఆపుతున్నరో వెనకోనికి ఎట్ల తెలుస్తది?"

మళ్లీ విప్పాడు. పుల్ల కొసను రెండు రుద్దులు రుద్దడం, బిగించడం, చూడడం. అయిదోసారికి లైటు ఆరింది. బ్రేకు పట్టగానే వెలిగింది. వదలగానే ఆరింది. పర్వతాలు పదిసార్లు పట్టి చూశాడు.

"మూల దాక పోయి రెండుసార్లు బ్రేకు కొట్టుండ్రి. ఎండల కనబడ్తదో లేదో చూస్త. కనబడితే చెయ్యి ఎత్తుత."

జ్ఞానశేఖర్ దిగబోయాడు. "పక్కన నిలబడి ఎడమకాలితో కిక్కు కొట్టుకుంటాను. నాకలవాటే."

"మీరు కూసోండ్రి సార్."

కిక్కు పర్వతాలే కొట్టాడు. మూడోదానికి ఇంజను అందుకుంది. అతను వెనక్కి నడిచి, గోడకు వీపు ఆనించి, స్టూలు మీద కూర్చున్నాడు.

జ్ఞానశేఖర్ మూల దగ్గర బ్రేకు పట్టి వెనక్కి తిరిగి చూశాడు. పర్వతాలు చెయ్యి ఎత్తలేదు. ఇంకోసారి పట్టాడు. చెయ్యి మోకాలి మీదే ఉంది. బండి తిప్పుకుని వచ్చాడు.

"వెలగలేదా మిస్త్రీ?"

పర్వతాలు కళ్లు తెరిచే ఉన్నాయి, మూల వైపే. జ్ఞానశేఖర్ ఇంకోసారి అడిగాడు. అప్పుడు కమలాబాయి ఇస్త్రీపెట్టె వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

ఆటోలో తీసుకెళ్లారు. డాక్టరు నాడి చూసి స్టెతస్కోపు తీసేశాడు. కమలాబాయి ఎస్టీడీ బూత్ నుంచి అల్వాల్‌లోని కిరాణా కొట్టుకు ఫోను చేసి బాలమ్మను పిలిపించింది. ఏం చెప్పాలో తెలియక, "జెర జల్దీ రా వదినా" అని మాత్రం అంది.

బాలమ్మ వచ్చేదాకా వాళ్లిద్దరూ ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నారు.

"లైటు వెలిగింది సార్," అంది కమలాబాయి. "నేను చూసిన. రెండుసార్లు గూడ."

"ఆయన చూశాడా?"

"ఏమో సార్. మీ దిక్కే చూస్తుండె."

మర్నాడు డోరా తండ్రి వెనక కూర్చుని బడికి వెళ్లింది. చిలకలగూడ మూల దగ్గర ఆయన బ్రేకు పట్టాడు. డోరా చెబుతున్న మాట ఆపి, ఎందుకని అడిగింది. ఆయన వెనక్కి తిరిగి రేకు పంచ వైపు చూసి, ఇంకోసారి బ్రేకు పట్టాడు.

ఆ సమయానికి కమలాబాయి రేకు పంచ ముందు ఊడ్చి, నీళ్లు చల్లి, తన బండి దగ్గరకు వచ్చింది. సాయంత్రం పోతూ తీసుకుంటానని నిన్న పొద్దున పర్వతాలు ఇచ్చిన తెల్లచొక్కా, జేబు మీద ఉతికినా పోని గ్రీజు మరకతో, మడత నలగకుండా బండి మీద ఒక చివర అలాగే ఉంది.