లెక్క సరిపోయింది

నిజాంసాగర్ గేట్లు ఎత్తిన ఆ వానాకాలం బీర్కూర్ దిక్కు మంజీర ఒడ్డు వాడలన్నీ మునిగాయి. మనుషుల్ని తెచ్చి బాన్సువాడ మార్కెట్ యార్డులో, వడ్ల బస్తాలు పెట్టే రెండు రేకుల షెడ్లలో పెట్టారు. నేను అక్కడ పిల్లల బాగోగులు చూసే పనికి కుదిరాను. జీతం హైదరాబాదు నుంచి వచ్చిన సంస్థది, పెత్తనం మా ఊరి సహాయ కమిటీది. కమిటీకి పెద్ద హరనాథబాబు. తాతల నాడు కోస్తా నుంచి కాలువ కింది భూములకు వచ్చి స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. మంచివాడు. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆయన మీద నాకు వచ్చిన కోపం వింటే మీరు ఇంకోలా అనుకుంటారు.

ఆయనకు లెక్కంటే ప్రాణం. రోజూ సాయంత్రం పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి పేరుపేరునా పిలిచేవాడు. ముందు ఒకటో షెడ్డు, అది అయ్యాక రెండోది. ఆ హాజరును బట్టే మర్నాడు ఇంటింటికీ బియ్యం, పాలపొడి. "లెక్క సరిపోయిందంటే పిల్లలు క్షేమంగా ఉన్నట్టేనమ్మా భాగ్యశ్రీ" అనేవాడు. ఒక్కనాడూ తప్పలేదు. సంస్థ వాళ్ళు పంపిన ప్రశ్నల్లో పిల్లలకు ఏదైనా అపాయం ఉందా అని ఒకటి ఉంది. చాప చాపకూ తిరిగి పెద్దవాళ్ళను అడిగాను. అందరూ లేదన్నారు, నేనూ లేదనే రాసుకున్నాను.

నాకు మొదటిసారి భయం వేసింది ఒక మధ్యాహ్నం పూట. ఒకటో షెడ్డు మూలన భూమవ్వ అనే ముసలామె పడుకుని ఉంది. కొడుకూ కోడలూ భీవండిలో మగ్గాల పనికి పోతే ఇద్దరు మనవరాళ్ళను ఆమే సాకుతోంది. పెద్దది గంగామణి, పదేళ్ళ పిల్ల. చిన్నది సాయవ్వ, ఇంకా పాలపళ్ళు ఊడలేదు. భూమవ్వ తన కొంగు చివరను సాయవ్వ మణికట్టుకు కట్టి, ముడి మీద ముడి వేసి నిద్రపోతోంది. పిల్ల చెయ్యి కందిపోయింది.

లేపి ఇదేంటని అడిగితే కాలువలో పడుతుందేమోనని కట్టానంది. యార్డు చుట్టూ నిలువెత్తు గోడ, దగ్గర్లో కాలువే లేదు. గంగామణి ఏదని అడిగాను. నీళ్ళకు పోయిందంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె నా మొహం చూడలేదు. కొంగు మాత్రం ఇంకో చుట్టు చుట్టుకుంది.

ఆ సాయంత్రం హరనాథబాబు గంగామణి పేరు పిలిచాడు. "ఉన్న సార్" అని గొంతు వినిపించింది, చెయ్యి లేచింది. లెక్క సరిపోయింది. నా మనసు మాత్రం కుదుటపడలేదు.

మర్నాడు లెక్కవేళకు నేను షెడ్ల వెనక్కి పోయి గోనెసంచుల చాటున నిలబడ్డాను. గంగామణి పేరుకు "ఉన్న సార్" అన్న పిల్ల రేకు కింది సందులోంచి బయటికి దూరింది. చూస్తే రాధ. రెండో షెడ్డులో ఉండే సోనాబాయి కూతురు. గౌను ఎత్తిపట్టుకుని బురదలో పరుగెత్తి, అటువైపు సందులోంచి లోపలికి పోయి, అమ్మ పక్కన కూర్చుని, ఈసారి రాధగా చెయ్యెత్తింది. దాని వెనక ఇంకో ఇద్దరు పరుగెత్తారు. వాళ్ళకది ఆట, నోళ్ళు మూసుకుని నవ్వుకుంటున్నారు. ముందు నాకూ నవ్వొచ్చింది. ఆ వెంటనే, మరి గంగామణి ఏదీ అనిపించింది.

సంగతి సోనాబాయి దగ్గర తెలిసింది. వచ్చిన కొత్తలో పాలపొడి చాలక, పిల్లలు తక్కువున్న వాళ్ళకు ఎక్కువున్న వాళ్ళు లెక్కవేళకు పిల్లల్ని ఎరువిచ్చుకున్నారట. ఇంట్లో చింతపండు నిండుకుంటే పక్కింటి నుంచి తెచ్చుకోమూ, అలాగ. ఆకలి మీద నాకు కోపం లేదు. కానీ అక్కడ ఏ పిల్ల చోటైనా ఇంకో పిల్ల నింపగలదు. ఒక పిల్ల నిజంగానే మాయమైతే తెలిసే దారేది? అసలు ఎందరు మాయమయ్యారో?

హరనాథబాబుకు చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. దొంగపేర్లు చెప్పిన వాళ్ళకు రేషన్ ఆపేస్తానన్నాడు. అప్పుడు వచ్చింది నాకు కోపం. అట్లా చేస్తే ఇక్కడ ఎవరూ జన్మలో నిజం చెప్పరు సార్ అన్నాను. హాజరుతో పనిలేకుండా పొయ్యికింత అని ఇవ్వండి, నన్ను పిల్లల్ని ఇంకో రకంగా అడగనివ్వండి అని పట్టుబట్టాను. చివరికి సరేనన్నాడు. ఆ మాటే పొద్దున్న మైకులో చెప్పించాం.

పెద్దవాళ్ళను బియ్యం వరసలోకి పంపి, పిల్లల్ని చాపల దగ్గరే ఉంచాను. ఎవరు పడుకునే చోటు వాళ్ళు చూపించాలి, ఇటు ఎవరో అటు ఎవరో చెప్పాలి. ఇంతే అడిగాను. ఇక వాళ్ళ నోళ్ళు ఆగలేదు. ఒకడు పళ్ళు కొరుకుతాడట, ఒకతె దుప్పటి మొత్తం గుంజుకుంటుందట, ఇంకొకడి సంగతి చెప్తే వాడే ఏడుపు లంకించుకున్నాడు. ఈ ప్రశ్నకు అబద్ధం ఎవరూ నేర్పలేదు వాళ్ళకు.

సాయవ్వ వంతు వచ్చింది. గోడ వైపు అవ్వ అంది. ఇటు వైపు చాప మీద అరచెయ్యి పెట్టి, "ఈడ అక్క" అంది.

"అక్క ఏడికి పోయింది?"

"జీపుల పోయింది. నన్ను గూడ తోల్కపోతడంట."

రెండు షెడ్లలోనూ మాకు ఇంకే ఖాళీలూ దొరకలేదు. అదొక్కటే. కానీ ఆ ఒక్క చాపను చూడాలంటేనే నాకు భయమేసింది.

భూమవ్వ దగ్గరకు హరనాథబాబును కూడా తీసుకుపోయాను. ఆమె కాసేపు కాలువ అంది, నీళ్ళంది, తర్వాత నేల మీద చతికిలబడి చెప్పేసింది. అరటిపండ్లు పంచుతూ ఒక మేస్త్రీ వచ్చాడట, సగం మరాఠీ సగం తెలుగు మాట్లాడుతూ. సరిహద్దు అవతల పత్తివిత్తనాల చేన్లలో పువ్వుకు పువ్వు రుద్దే పని, ఆడపిల్లల వేళ్ళయితేనే పనికొస్తాయి, రెండు పూటలా కడుపునిండా తిండి, దసరాకు తెచ్చి దింపుతానన్నాడట. శుక్రవారం చిన్నదాని కోసం వస్తానన్నాడట.

"మాకెందుకు చెప్పలేదవ్వా?" అన్నాడు హరనాథబాబు.

"ఎట్ల చెప్పాలె సారూ? పిల్ల లేదంటే దాని బియ్యం బందు పెడ్తరని వాడే చెప్పిండు. పోయినదాని ఫికర్ ఒకటి, ఉన్నదాని నోటికాడి బువ్వ ఒకటి. నేనేం చెయ్యాలె?"

తన లెక్కే ఆ ముసలామె నోరు నొక్కిందని ఆయనకు అప్పుడు అర్థమైంది. ఆ సాయంత్రం పేర్లు పిలవలేదు. తానే పోలీసు స్టేషన్‌కు పోయి కూర్చున్నాడు.

శుక్రవారం మేస్త్రీ రాలేదు. ఎవరో వాడికి ఉప్పందించి ఉంటారు. రాకపోవడం మాకు ఇంకా పెద్ద భయమైంది, వాడే లేకపోతే గంగామణి జాడ చెప్పేదెవరు? చివరికి పిట్లంలో కిరాయి జీపు నడిపే ఒకతను పిల్లల్ని దింపిన చేను గుర్తుందన్నాడు. పోలీసులు పోయారు. పొద్దుగూకే వేళకు ఉత్తచేతులతో తిరిగొచ్చారు. ఆడపిల్లలైతే ఉన్నారు గానీ గంగామణి లేదన్నారు. పేరు పెట్టి గట్టిగా పిలిస్తే ఒక్కరూ పలకలేదట.

భూమవ్వ ఏడవలేదు. సాయవ్వను ఒళ్ళోకి లాక్కుని కొంగు కప్పేసింది. పిల్ల అసలు బతికి ఉందా అన్న ఆలోచన నాకు అప్పుడే వచ్చింది, వచ్చాక ఇక పోలేదు.

ఆ పూట సోనాబాయి నా పక్కకొచ్చి కూర్చుంది. చెప్పాలా వద్దా అని కాసేపు నలిగి, చిన్నగా చెప్పింది.

"పాయింటేస్కున్న ఆఫీసరోళ్ళు పేరడిగితే మీ పేరు చెప్పకుర్రి, నేర్పిన పేరే చెప్పుర్రి అని పిల్లలకు మేమే నేర్పినమక్కా. చెప్తే అవ్వకు బువ్వ బందైతదని బెదిరిచ్చినం. గంగామణి మొదట్ల మా రాధ జ్వరంల పండినప్పుడు దాని పేరుకు పలికేది."

తెల్లారీ తెల్లారకముందే నేనూ హరనాథబాబూ పోలీసు జీపులో బయలుదేరాం. సాయవ్వను ఆ చేను దిక్కు తీసుకురానని, వదిలి కూడా రానని భూమవ్వ షెడ్డులోనే ఉండిపోయింది. దారి పొడుగునా నాకు ఒకటే భయం. నిన్న చేనువాళ్ళు పోలీసుల్ని చూశారు కదా, రాత్రికి రాత్రే పిల్లల్ని ఇంకెక్కడికైనా తోలేస్తే?

తోలలేదు. చేను మధ్య రేకుల కొట్టం ముందు పోలీసులు పిల్లల్ని నిలబెట్టారు. పేలని చెప్పి చేనువాళ్ళు అందరికీ గుండ్లు గీయించి ఉంచారు. వేళ్ళకు పసుప్పచ్చ పుప్పొడి అంటుకుని ఉంది. షెడ్ల నిండా పిల్లల మధ్య నేను గంగామణిని చూసింది వచ్చిన కొత్తలో నాలుగైదు సార్లు, అదీ రెండు జడలతో. ఎంత చూసినా గుర్తుపట్టలేకపోయాను. చేను కాపలావాడు కర్ర పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. అందరూ అక్కడి కూలీల పిల్లలేనన్నాడు. పోలీసు వరసగా పేర్లు అడుగుతూ వచ్చాడు. మధ్యలో ఒక బక్కపిల్ల, నేల చూపులు చూస్తూ, రాధ అంది.

సోనాబాయి కూతురి పేరు అది. రాధలు లోకంలో ఎందరో ఉంటారన్నాడు పోలీసు. అదీ నిజమే. నేను ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాను. పేరు అడగలేదు.

"నీ పక్కన ఎవరు పండుకుంటరు బిడ్డా?"

ఆ పిల్ల కాపలావాడి కర్ర చూసింది. నన్ను చూసింది. పెదాలు తడుపుకుంది.

"ఈడనా, ఆడనా?"

"ఆడ."

"సాయవ్వ" అంది. "నిద్దట్ల తంతది."

నేను దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఏడ్చింది నేనే, అది ఏడవలేదు. హరనాథబాబు అటు తిరిగి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. ఇక పోదామని లేవబోతున్నాను. గంగామణి పక్కనున్న పిల్ల, ఎవరూ అడగకుండానే, తన పక్కన తమ్ముడు పండుకునేటోడని చెప్పింది. దాని అవతలిది అమ్మమ్మ అంది. ఆ చివర నిలబడ్డది మరాఠీలో ఏదో అంది, అందులో ఆయీ, అంటే అమ్మ, అన్న మాట ఒక్కటే నాకు తెలిసింది.

అందరినీ జీపులో కుక్కి తీసుకొచ్చాం. గంగామణి నా ఒళ్ళో నిద్రపోయింది. నాకు మాత్రం భయం తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. మేం పోయింది ఒక్కదాని కోసం. ఆ మిగతా పిల్లల ఊళ్ళలో కూడా ఆ సాయంత్రం ఎవరో ఒకరు పేర్లు పిలిచే ఉంటారు. లెక్క సరిపోయే ఉంటుంది.