సారవ్వ బండ

సారవ్వకు దేవుడి మీద ఎంత నమ్మకమో తెలియదు గానీ, పెరట్లో బట్టలు పిండే బండ మీద మాత్రం పూర్తి నమ్మకం. గోదావరిఖని కాలనీలో బొగ్గు పట్టిన డ్యూటీ బట్టలకు సబ్బొక్కటే చాలదు, గరుకు బండ కావాలి. ముప్ఫై ఏళ్ల కిందట మొగుడు ఆగయ్య వాగులోంచి దాన్ని భుజాన మోసుకొచ్చాడు. పోయిన ఏడాది కన్నుమూసేదాకా ఆయన అడక్కుండా తెచ్చిన వస్తువు అదొక్కటే. అడిగినవి ఎలాగూ తెచ్చేవాడు కాదు.

ఆ బండ కావాలంటూ రవికాంత్ అనే జియాలజిస్టు సారు దిగాడు. వాగులో కోట్ల ఏళ్ల నాటి సముద్రపు గవ్వలు రాయిగా మారి ఉన్నాయని విని వస్తే, అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు. గవ్వల అచ్చు పడ్డ బండ మీద మురికి బాగా వదులుతుందని కనిపెట్టి, కాలనీ ఆడవాళ్లు ఎప్పుడో అన్నీ తెప్పించుకున్నారు. పాపం, మూడు రోజులుగా ఆయన క్వార్టర్ల వెనక మోకాళ్ల మీద పాకుతూ, సబ్బునురగ తుడిచి బండలు చూస్తున్నాడు. అన్నీ నున్నగా అరిగిపోయాయి, సారవ్వ బండ మీదే ఇంకా కొన్ని అచ్చులు మిగిలాయి.

ఇక్కడ ఒకప్పుడు సముద్రముండేదంటే సారవ్వకు నవ్వాగలేదు. రోజు విడిచి రోజు నల్లా నీళ్లు వచ్చే చోట సముద్రమట! మ్యూజియంలో అద్దాల పెట్టెలో పెడతానన్నా బండ ఇచ్చేది లేదంది. చివరికి, ఒక్కసారి తిరగేసి చూసి మళ్లీ అక్కడే పెడతానని బతిమాలితే ఒప్పుకుంది. నలుగురు కలిసి మూలుగుతూ లేపారు. ఆగయ్య ఒక్కడే మోశాడు, అదీ కల్లు తాగి.

అడుగున గవ్వలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి నడుమ ఉలితో కొట్టిన నాలుగంకెలు. ఎవడో పాడుచేశాడని రవికాంత్ మొహం మాడ్చుకుని, మిషన్‌తో రుద్దితే పోతాయిలే అన్నాడు.

సారవ్వ వంగి ఆ అంకెలను వేలితో తడిమింది. ఆమెకు చదువు రాదు గానీ ఆ అంకెలు వచ్చు, అవి ఆగయ్య గని టోకెన్ నంబరు. గని బాయిలో బొగ్గు నింపేవాళ్లు తాము నింపిన టబ్బు బండి మీద టోకెన్ నంబరు సుద్దతో రాసేవారు. నంబరు పడ్డాక ఇంకొకడు దాన్ని ముట్టడు. ఆగయ్య ఈ బండనూ అలాగే తనదని గుర్తు పెట్టుకున్నాడు. ఇన్నేళ్లూ దాని మీదే బట్టలు బాదుతూ ఆయన్ని తిట్టుకుంది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

"నంబరు ముట్టకు సారూ," అంది కళ్లు తుడుచుకుని. "గా పురుగులు కోట్ల ఏండ్ల సంది అండ్ల పన్నయి. ఒక్కటన్న పేరు రాసుకున్నదా? మా ఆయన రాసుకున్నడు."

రవికాంత్ తన పుస్తకం తీసి, ఆ బండను కనుగొన్న మనిషి పేరు రాయాల్సిన చోట ఆగయ్య పేరు, కింద టోకెన్ నంబరు రాశాడు. సారవ్వ రెండుసార్లు చదివించుకుంది. ఆగయ్య రిటైరైన రోజు ఆ నంబరు డ్యూటీ రిజిస్టర్లోంచి పోయింది. ఈ పుస్తకంలోంచి పోదట. అలాగైతే తీసుకుపొమ్మంది, కానీ ఊరికే కాదు.

మర్నాడు ఆయన నున్నటి గ్రానైటు బండ తెచ్చాడు. సారవ్వ ఆయన బురద ప్యాంటు ఆయన చేతే దాని మీద ఉతికించింది. మురికి కదల్లేదు. లోపలికి వెళ్లి ఆగయ్య ఉలీ సుత్తీ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"పైన గాట్లు కొట్టు సారూ," అంది. "అయినంక తిరగేసి, కింద గదే నంబరు కొట్టు."