ఆరోరోజు దీపం

...లేక, వెళ్లకుండా ఉండడానికే ఈ దీపాన్ని అడ్డం పెట్టుకుంటున్నానా? నా భార్య ఈశ్వరి పోయి ఇవాళ్టికి ఆరో రోజు. ఆమె ప్రాణం పోయిన చోట, గోడవార, ప్రమిద వెలుగుతోంది. పదకొండో రోజు దాకా ఆరకూడదన్నారు. ఎవరన్నారు? అందరూ అన్నారు. ఆరితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మధ్యాహ్నం మూడింటికే ఇల్లు చీకటిగా ఉంది. రాత్రికి తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటుతుందట. రేకుల ఇళ్లవాళ్లంతా హైస్కూలుకి వెళ్లిపోవాలని పొద్దుటినుంచి మైకులో అదే మాట. మాదీ రేకుల ఇల్లే. చేలో వరి పడిపోతుందన్న దిగులు కూడా రావడం లేదు.

తిత్లీ తుఫానప్పుడు వెళ్దామని ఈశ్వరే అంది. గొణుక్కుంటూ వెళ్లాను. తిరిగొస్తే వంటింటి మీద రేకులు లేవు. ఇంకోసారి వద్దంది. ఉండిపోయాం, చినుకు పడలేదు. ఎలా తెలిసేదో. తెలిసేది కాదేమో, ఎవరో ఒకరు తేల్చాలని తేల్చేసేదేమో. ఆ సంగతి అడుగుదామని తల తిప్పాను కూడా. గోడ ఉంది.

"బావా, ఇదే ఆఖరి ఆటో. ఏటింకా ఆలోసిస్తన్నావు?" గుమ్మంలోంచి మరదలు బుజ్జమ్మ అంది.

"మైలవాణ్ణి. బళ్లో అందరి మధ్యనా ఎలా కూకోమంటావే?"

"గాలికి మైల తెలుస్తాదేటి? ఓ మూల కూకో. అన్నం నేనే అట్టుకొస్తాను."

"మరి దీపం?"

"కప్పు ఎగిరిపోతే దీపం ఉంటాదా? మా అక్కుంటే ఈపాటికి నిన్ను బియ్యం బస్తానాగ ఆటోలో పడేసీది."

నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు సిగ్గేసింది. "నువ్వు పద, వస్తన్నాను" అన్నాను. అది నిజమో అబద్ధమో నాకే తెలియదు.

కిటికీ సందులోంచి గాలి దూరింది. మంట వంగి మళ్లీ లేచింది. చెయ్యి అడ్డం పెట్టాను. రాత్రంతా ఇలా కూర్చోగలననిపించింది. అందులో ఏదో సుఖం కూడా ఉంది. నా అనుమానమంతా ఆ సుఖం మీదే.

ఆ రోజూ ఇదే వేళ. అయిదు నిమిషాల్లో వస్తానని చెప్పి చుట్ట కాల్చుకోవడానికి పెరట్లోకి వెళ్లాను. చుట్ట సగం కాలింది. వచ్చేసరికి ఈశ్వరి లేదు. తలుపు వైపు చూసిందో, పిలిచిందో తెలియదు. నేను కాపలా కాస్తున్నది దీపానికా, ఆ అయిదు నిమిషాలకా? ఇంత తెలిసినా కాళ్లు లేవడం లేదు.

వెళ్తే, నేను లేనప్పుడు ఆరుతుంది. మళ్లీ. ఉంటే రేకులు నా మీదే పడొచ్చు. ఈశ్వరి ఏమనేది? వెళ్లమన్నా, ఉండమన్నా రెండూ ఆమె గొంతుతోనే వినిపిస్తున్నాయి.

ఆటో హారన్ రెండుసార్లు మోగింది.

మంట వేడి ముఖానికి తగిలేంత దగ్గరగా జరిగి కూర్చున్నాను. కాసేపు ఇంకెటూ చూడలేదు. తర్వాత చెంబులో వేళ్లు తడుపుకుని, వత్తిని నెమ్మదిగా నొక్కాను.